మింగని గుక్క

“ఆయన మింగరు కదూ? ఉమ్మేస్తారు కదూ?”

పొద్దుట్నుంచి కంగారమ్మ ఆ మాట అడగడం అది నాలుగోసారి. వంటింటి గట్టు దగ్గర చెంచాలు తుడుస్తున్న కోడలు తల తిప్పకుండానే జవాబిచ్చింది.

“ఉమ్మేస్తారు అత్తయ్యా. అందుకేగా పక్కన ఆ లోతు గిన్నె పెట్టేది.”

“పొరపాటున గుటకేస్తేనో?”

“నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని ఇదే. రోజుకి వంద కప్పుల కాఫీ రుచి చూస్తారు. అన్నీ గుటకలేస్తూ పోతే ఈపాటికి ఆయనకి నిద్రన్నదే ఉండేది కాదు.”

“నలభై ఏళ్లుగా జరగనిదే అమ్మాయ్, ఒక్కరోజున జరిగేది.”

కోడలు ఒక చెంచాని వెలుతురుకి ఎత్తి చూసి, మళ్లీ గుడ్డ అందుకుంది. మామూలు రోజుల్లో అయితే ఇలాంటి మాటకి పడీపడీ నవ్వేది. సోమవారం నుంచి ఆ ఇంట్లో నవ్వు లేదు. సరిగ్గా చెప్పాలంటే, మాటే లేదు.

కంగారమ్మ మెడలో తాడుని వేళ్లతో తడుముకుంది. తాడు చివర తాళంచెవి ఉంది. ఉందని తెలుసు. అయినా తడుముకుంది.

“అమ్మా! బల్ల కిటికీ పక్కన వెయ్యాలా, గోడ పక్కన వెయ్యాలా, అడుగు.”

వెనక తలుపు దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. బూట్లకి బురద. రెండు రోజుల గడ్డం.

“అడగడానికి మీ ఆవిడ ఏటికి అవతల ఉందిట్రా? రెండడుగుల దూరంలో ఉంది.”

“నువ్వే అడుగు.”

“కిటికీ పక్కనని చెప్పండి అత్తయ్యా,” అంది కోడలు చెంచా వైపే చూస్తూ.

“విన్నావుగా?”

“నువ్వు చెబితే వింటాను.”

“కిటికీ పక్కనరా నాయనా! మీ ఇద్దరి మధ్యా తపాలా బంట్రోతునైపోయాను. జీతం కూడా లేదు.”

ఇద్దరూ నవ్వలేదు. కొడుకు వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. గుమ్మాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

“ఇంకోటి కూడా చెప్పమ్మా. ఆరబెట్టడంలో తప్పుంటే తప్పని అనమను. బూజైతే బూజనమను. ముఖం పక్కకి తిప్పుకుని ‘తేడా ఉంది’ అంటే ఎవరికి అర్థమవుతుంది?”

“నేను ఎవర్నీ ఏమీ అనలేదని చెప్పండి.”

“అనకపోవడమే అనడం! ఇరవై రెండు రోజులు గంటకోసారి ఈ చేతుల్తో తిప్పాను ఆ గింజల్ని. మబ్బు కమ్మితే కప్పాను, ఎండొస్తే తీశాను. తేడా అంటే నాదేగా? ఇంకెవరిది, గాలిదా?”

కోడలి చేతిలో చెంచా ఆగిపోయింది. మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.  

“సరే,” అన్నాడు కొడుకు. “నాన్న పిచ్చి ముప్పై ఏళ్లుగా ఈ ఇంటి మెడకి వేలాడుతోంది. చాలు. ఇవాళ ఆ పెద్దాయన నోటికి ఒక్క కప్పు తేడాగా తగిలిందా, శుక్రవారం రంపం వాళ్లు వస్తారు. నేను మాట మార్చను.”

అతను వెళ్లాక కంగారమ్మ కిటికీలోంచి చూసింది. ఇంటి వెనక వాలులో పదిహేడు కాఫీ చెట్లు. ఒక్కోదాని మొదలుకీ మోకాలెత్తున తెల్లటి సున్నం గీత. రంపం వాడు నిన్న వచ్చి గీసి వెళ్లాడు. సరిగ్గా ఎక్కడ కోయాలో గుర్తు.

“అమ్మాయ్, కోపంలో అన్నాడు గానీ వాడు...”

“కోయిస్తారు అత్తయ్యా,” అంది కోడలు మెల్లగా. “ఆయన కోయిస్తారు.”

*

ఆ చెట్ల పేరు ఎర్రచిగురు. కొత్త ఆకు రాగిరేకులా ఎర్రగా పుడుతుంది కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు చుట్టుపక్కల తోటలన్నింటా ఉండేదట. తెగులొచ్చి కొంత పోయింది, మిగిలింది జనమే పీకేసి గంపలకొద్దీ కాసే రకాలు వేసుకున్నారు. ఇది చెట్టుకి చేటెడు కాస్తే గొప్ప. కానీ ఆ చేటెడూ మాత్రం!

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అత్తగారిని కూర్చోబెట్టి మరీ తాగించింది.

“మొదట నారింజ తొక్క గిల్లినట్టుంటుంది, చూడండి. కాస్త చల్లారనివ్వండి... ఇప్పుడు బాగా పండిన రేగుపండు. తెలిసిందా? ఇంకా చల్లారితే, ఇదిగో, తెల్లపూల వాసన. నాలుక మీద కాదు, గొంతులోంచి ముక్కుకి వస్తుంది.”

“నాకు పాలూ పంచదారా తెలుస్తున్నాయమ్మాయ్.”

“గ్లాసు నిండా పాలు పోసుకుంటే పాలే తెలుస్తాయి మరి!”

ఆ పిల్ల ముక్కు అలాంటిది. పెళ్లికి ముందు పట్నంలో కాఫీ రుచి చూసే ఉద్యోగం చేసింది. పక్కవీధిలో సబ్బు మార్చినా చెప్పేస్తుంది. మామగారు బతికున్నన్నాళ్లూ ఆ ఇద్దరూ బల్ల మీద కప్పు పెట్టుకుని పూర్తిగా చల్లారేదాకా ఎదురుచూసేవాళ్లు. “వేడిగా ఉన్నప్పుడు ప్రతి కాఫీ పెద్దమనిషేనమ్మా,” అనేవాడాయన. “చల్లారాకే దాని గుణం బయటపడేది.”

ఆయన నాటింది నలభై మొక్కలు. మిగిలింది పదిహేడు. ఆ లెక్క ఎందుకు తప్పిందో కంగారమ్మకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పెళ్లయిన రెండో ఏడు. ఆయన ఊళ్లో లేడు. సాయంత్రం గాలి చల్లగా తిరిగింది. మంచు కురిసి మొక్కలన్నీ మాడిపోతాయేమోనని ఆమెకి భయమేసింది. మందపాటి టార్పాలిన్ పట్టా తెచ్చి నారుమడి మొత్తం కప్పి, చుట్టూ రాళ్లు పెట్టింది. మంచు రాలేదు. మర్నాడు ఎండ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మళ్లీ చలి తిరుగుతుందేమోనని ఆమె పట్టా తీయలేదు.

ఆయన వచ్చి, పట్టా ఎత్తి చూసి, గొంతుక్కూర్చున్నాడు. ఉడికిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టాడు. ఇరవై మూడు. ఒక్క మాట అనలేదు. పీకడం పూర్తయ్యాక చేతులు కడుక్కుని, “ఆకలేస్తోంది కంగారమ్మా,” అన్నాడు. ఆ పేరు పెట్టడం అప్పుడే. అసలు పేరు ఇప్పుడు రేషను కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు.

తిట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేది. ఆయన తిట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఆమెకి ఆ తిట్టని తిట్టు వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు మళ్లీ అదే పని చేసింది.

పది రోజుల కిందట పెద్దవాన పడింది. సామాన్ల గది కప్పు ఒకచోట కారింది. ఈ ఏటి పంట మొత్తం అక్కడే, ఒకే ఒక్క మూటలో, పొట్టు తీసి వేయించడానికి సిద్ధంగా ఉంది. తడిస్తేనో? ఎలకలు కొడితేనో? కప్పు కూలితేనో? అంతా ఒక్కచోట ఉంచకూడదనుకుంది. పై నుంచి మూడు కిలోలు తీసి దిండు గలేబులో పోసి, మూతి కట్టి, తన బట్టల పెట్టెలో దాచి తాళం వేసింది. అక్కడ వాన పడదు, ఎలక దూరదు. ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది.

వాన వెలిసిన నాలుగో రోజున మళ్లీ తెచ్చి మూటలో పైన పోసేసింది. చేతులు దులుపుకుంది. ఆ రాత్రి హాయిగా పడుకుంది కూడా.

సోమవారం నాడు ఇంట్లోవాళ్లే ఒకసారి రుచి చూద్దామని కప్పులు పోసుకున్నారు. కోడలు ఒక కప్పు దగ్గర ఆగిపోయింది. ‘తేడా ఉంది’ అని దాన్ని పక్కకి జరిపింది. అప్పుడు గుర్తొచ్చింది కంగారమ్మకి. పెట్టె నిండా పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి ఉన్నాయి.

పొట్టు తీసిన పచ్చి గింజ పక్కనున్న ప్రతి వాసననీ పీల్చుకుంటుందని ఆ ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆమెకీ తెలుసు. భయమేసినప్పుడు తెలిసినవేవీ గుర్తుండవు, అంతే.

తరవాత గది తలుపేసుకుని ఆ ఉండల పొట్లం వెతికి తీసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. పిల్లలకు అందకుండా ఉంచవలెను. మింగినచో ప్రమాదకరము. పక్కన పుర్రె బొమ్మ.

పేరులోనే కలరా ఉంది, ఇంకేం చెప్పాలి!

అప్పట్నుంచి ఆమె భయం రెండైంది. చెట్లు పోతాయని ఒకటి. చెట్లకంటే ముందు మనిషి పోతాడని రెండోది.

*

ఆ మనిషిని అందరూ చెంచా పెద్దాయన అంటారు. తన చెంచా తనే తెచ్చుకుంటాడు, మెత్తటి గుడ్డలో చుట్టి, కోటు లోపలి జేబులో. డెబ్భై దాటినా వెన్ను వంగలేదు. ఆయనకో విత్తనాల తోట ఉంది. ఇవాళ ఆయన నోరు ఒప్పుకుంటే ఎర్రచిగురు విత్తనం ఆ తోటకి వెళుతుంది, అక్కణ్ణుంచి ఇంకా పది తోటలకి. ఒప్పుకోకపోతే శుక్రవారం.

నిన్న మధ్యాహ్నమే వచ్చాడు. మూట పై నుంచి ఒక గుప్పెడు, అడుగు నుంచి ఒకటి, పక్కల నుంచి మూడు తీసి, చేత్తో తిప్పే చిన్న డ్రమ్ములో విడివిడిగా వేయించాడు. అయిదు డబ్బాల్లో పోసి మూతలు బిగించి, డబ్బాల్ని అటూ ఇటూ మార్చాడు. ఏది ఎక్కడిదో ఆయనకి కూడా తెలియకూడదట. తన నోటిని తనే నమ్మడు, అదీ ఆయన పద్ధతి.

ఇప్పుడాయన చెట్ల మధ్య తిరుగుతున్నాడు. కొడుకు బల్ల సర్ది స్నానానికి వెళ్లాడు. ముందుగదిలో ఎవరూ లేరు. బల్ల మీద అయిదు డబ్బాలు.

కంగారమ్మ చప్పుడు కాకుండా లోపలికి వచ్చింది. చేయి జారి ఒక డబ్బా కింద పడితే? ముసలిదాన్ని, చేతులు వణుకుతాయి, ఎవరేమంటారు? కానీ ఏ డబ్బా? మొదటిదాన్ని ముక్కు దగ్గరకి తెచ్చుకుంది. నొప్పుల మందు వాసన. రెండోది. నొప్పుల మందే. మూడోదీ అంతే. పొద్దున్నే మోకాళ్లకి రాసుకున్న మందు తన చేతులకే ఉంది.

“మూత తీయకండి అత్తయ్యా.”

డబ్బా నిజంగానే జారబోయింది. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కప్పుల పళ్లెం.

“నేనా? దుమ్ము... దుమ్ము తుడుద్దామని.”

“చేతికి మందు రాసుకుని డబ్బాలు ముట్టుకుంటే ఆ వాసన కూడా దీనికే చుట్టుకుంటుంది.” కోడలు వచ్చి ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని ఉన్నచోటే పెట్టింది. “అయినా అయిదింట్లో ఏదో మీకెలా తెలుస్తుంది?”

“ఏది... ఏమిటమ్మాయ్?”

కోడలు ఆమె ముఖంలోకి చూసింది. తరవాత ఆమె మెడలోని తాడు వైపు చూసింది. మళ్లీ కప్పుల వైపు తిరిగింది.

“ఏం లేదు. మీరు గుమ్మం అవతలే ఉండండి. ఆ మందు వాసన బల్ల దగ్గరకి రాకూడదు.”

*

నీళ్లు మరిగాయి. అయిదు కప్పుల్లో పొడి వేసి పైన వేడినీళ్లు పోశారు. నాలుగు నిమిషాలు. పొడి పైకి తేలి పొర కట్టింది. పెద్దాయన వంగి, ముక్కు కప్పుకి ఆనించినంత దగ్గరగా పెట్టి, చెంచాతో ఒక్కో పొరనీ పగలగొట్టాడు. వెనకే కోడలు.

అక్కణ్ణుంచి ఎవరూ మాట్లాడకూడదు. ఒకరి మాట ఇంకొకరి నాలుకని పాడు చేస్తుందట. చివరి కప్పు చల్లారి, ఇద్దరూ కాగితం మీద రాసుకునేదాకా దగ్గు కూడా బయటికెళ్లి దగ్గాలి.

కొడుకు గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. కంగారమ్మ గుమ్మం అవతల, తలుపు రెక్క పట్టుకుని.

జుర్రు. పెద్దాయన చెంచాలోంచి పీల్చిన చప్పుడు గుడ్డ చింపినట్టుంది. నోట్లో తిప్పి, పక్కకి వంగి, గిన్నెలో ఉమ్మేశాడు.

అమ్మయ్య.

రెండోది. ఉమ్మేశాడు. మూడోది. నాలుగోది. అక్కడ ఒక క్షణం ఆగాడు. ఉమ్మేసి, కాగితం మీద చిన్న చుక్క పెట్టాడు. అయిదోది.

వెనక వస్తున్న కోడలు నాలుగో కప్పు దగ్గర కళ్లు మూసుకుంది. తెరిచినప్పుడు ఆ కళ్లు తిన్నగా గుమ్మం వైపు వచ్చాయి. కంగారమ్మ తలుపు చాటుకి జరిగింది.

నాలుగోదే. అదే ఆ కప్పు.

ఆవిర్లు తగ్గాయి. పెద్దాయన గడియారం చూసుకుని రెండో చుట్టు మొదలుపెట్టాడు. మొదటి కప్పు. ఆయన కనుబొమలు కాస్త లేచాయి. ఉమ్మేశాడు గానీ, ఆలస్యంగా. రెండో కప్పు. ఈసారి ఇంకా ఆలస్యం. చెంచా కడుక్కుంటూ కిటికీలోంచి చెట్ల వైపు చూశాడు, ఇందాక చూసినవి ఇవేనా అన్నట్టు.

మూడో కప్పు. పీల్చాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ ముసలి ముఖంలో ఏదో సడలింది. చాలా కాలం కిందట విడిచి వచ్చిన ఇంటి తలుపు ఎవరో తెరిచినట్టు.

గొంతు కదిలింది.

మింగేశాడు!

కొడుకు గోడని వదిలి నిటారుగా నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా బల్ల దగ్గర గుటక వేయని మనిషి వేశాడంటే దాని అర్థం ఆ గదిలో అందరికీ తెలుసు. కొడుకు ముఖంలోకి సోమవారం నుంచి లేని వెలుగొచ్చింది. చూసీ చూడనట్టు పెళ్లాం వైపు చూశాడు కూడా.

ఆ వెలుగుని కంగారమ్మ చూడలేదు. ఆమె చూస్తున్నది చెంచాని. ఆ చెంచా నాలుగో కప్పులోకి దిగింది. పైకి లేచింది. జుర్రుమంది. పెద్దాయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆ మైమరుపులోనే ఉన్నాడు. ఉమ్మడం మర్చిపోయాడు. మర్చిపోయాడు!

“మింగకండి!”

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు. ఎప్పుడు గుమ్మం దాటిందో తెలియదు. గది మధ్యలో ఉంది, చేయి చాచి.

పెద్దాయన నోటినిండా కాఫీతో అలాగే ఆగిపోయాడు. తరవాత తొందర లేకుండా గిన్నె మీదికి వంగి, ఉమ్మేసి, జేబురుమాలుతో మూతి ఒత్తుకున్నాడు.

“ఎందుకమ్మా?” అన్నాడు.



“నాలుగోది ఉమ్మేద్దామనే అనుకున్నాను,” అన్నాడాయన. “మొదటి చుట్టులోనే గుర్తు పెట్టుకున్నాను. బూజు కాదు. ఎండలో తేడా కాదు. ఆరబెట్టినవాడి చేయి బంగారం. ఇది బయటినుంచి వచ్చిన వాసన. ఎక్కడుంచారు ఈ గింజల్ని?”

“సామాన్ల గదిలోనే అయ్యా,” అన్నాడు కొడుకు. “ఇంకెక్కడా...”

“బట్టల పెట్టెలో,” అంది కోడలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. మూడు రోజుల తరవాత మొగుడి ముఖం చూసి మాట్లాడడం అదే మొదలు.

“వాన పడ్డ రోజు భయమేసి నేనే కొన్ని తీసి బట్టల పెట్టెలో దాచాను. కలరా ఉండలున్న సంగతి మర్చిపోయాను. తరవాత తెచ్చి మూటలో పోసేశాను. అత్తయ్యకి ఇందాకే చెప్పాను. అందుకే ఆవిడ కంగారుపడ్డారు.”

కంగారమ్మ కోడలి ముఖంలోకే చూసింది. కలరా ఉండల మాట తను ఎవరికీ చెప్పలేదు. పక్కవీధిలో సబ్బు మారితే పసిగట్టే ముక్కు! సోమవారమే తెలిసిపోయింది ఈ పిల్లకి. తెలిసి, అది ఎవరి పెట్టె వాసనో కూడా తెలిసి, మూడు రోజులుగా మొగుడి మాటలన్నీ పడుతూ...

“నువ్వా?” కొడుకు గొంతు వింతగా ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేది. “మూడు రోజులు నా చేతుల్ని నేనే వాసన చూసుకున్నాను. గింజలు ఆరబెట్టిన మంచెలన్నీ వేణ్నీళ్లతో కడిగాను. కొత్త గోనెలు కాల్చేశాను. నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు. చూస్తూ ఊరుకున్నావు.”

“అవును.”

“ఎందుకు?”

కోడలు తన చెంచా బల్ల మీద పెట్టేసింది.

“శుక్రవారం దాకా దేనికి?” అతను జేబులోంచి ఫోను తీశాడు. నంబరు నొక్కాడు. “ఇవాళే రమ్మంటాను రంపం వాళ్లని. చెట్లు ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూడలేం.”

“నేను చెంచా ఇంకా కింద పెట్టలేదు బాబూ,” అన్నాడు పెద్దాయన.

ఆ మాట అతనికి వినపడలేదు. ఫోను చెవి దాకా వెళ్లి ఆగింది. తల్లి వైపు తిరిగాడు. ఏదో తేడా తగిలినట్టుంది. అతను కూడా ఆ ఇంటి బిడ్డే, అంతో ఇంతో ముక్కు అతనికీ ఉంది.

“అమ్మా. నువ్వు చెప్పు. ఆవిడే పెట్టిందా?”

కోడలు అతని వెనకనించి అత్తగారి వైపు చూసింది. తల అడ్డంగా, ఉందో లేదో అన్నంతగా కదిలించింది. వద్దు.

కిటికీ అవతల సున్నం గీతలు ఎండలో మెరుస్తున్నాయి. బల్ల మీద అయిదు కప్పుల్లోనూ ఆవిరి పూర్తిగా పోయింది. అన్నీ చల్లారిపోయాయి. గిన్నె అంచు మీంచి ఒక చుక్క జారి నేల మీద పడింది. కంగారమ్మకి నారుమడి కనిపించింది. గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే మొక్క పీకుతున్న మనిషి వీపు కనిపించింది. ఆ రోజు ఆయన అడగలేదు, తను చెప్పలేదు. ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

వీడు అడిగాడు.

ఫోనులోంచి అవతలి గొంతు వినిపిస్తోంది, “హలో, హలో,” అని. 

కంగారమ్మ మెడలోని తాడుని తల మీదుగా తీసింది. జుట్టుకి చిక్కుకుంటే లాగేసింది. తాళంచెవిని బల్ల మీద, నాలుగో కప్పు పక్కన పెట్టింది.

“ఆ పిల్లకి పెట్టెక్కడిదిరా? బట్టలన్నీ నీ బీరువాలోనేగా ఉన్నాయి,” అంది. “ఈ ఇంట్లో పెట్టె ఒక్కటే నాన్నా. దాని తాళంచెవి ఇదిగో.”